తలుపు లేని మెట్లు

పోయిన వారం మనం ఆగింది నా బల్ల దగ్గర. జెనెల్ అడోనిస్ ఒక హోటల్ వాళ్ళ ఉత్తరం తెచ్చి ఆ బల్ల మీద పెట్టింది. "అంకుల్, శుక్రవారం మధ్యాహ్నం లోపల వస్తానో రానో చెప్పాలంట" అంది. ఆ ఉద్యోగం కౌంటరు వెనక నిలబడి తాళాలు ఇచ్చే పని. నెల తిరిగేసరికి జీతం. ఆ పిల్ల నా దగ్గర ఇళ్ళమ్మే పని నేర్చుకోబట్టి ఏడు నెలలైంది, ఒక్క ఇల్లూ అమ్మలేదు. మిగిలింది ఒక్క ఆశ. గురువారం ఉదయం కిట్టీ పేటలో ఓరిన్ సెంపుల్, అతని భార్య షాండెల్ ఒక కొయ్య ఇంటికి ఒప్పందం రాసుకోవాలి. సంతకం పడితే జెనెల్‌కి మొదటి కమీషన్ వస్తుంది, పడకపోతే గయానా రాజధాని ఈ జార్జ్‌టౌన్‌లో ఇళ్ళు చూపించే వాళ్ళలో ఒకరు తగ్గుతారు.

గురువారం వచ్చింది. మినీబస్సులో ఇద్దరం వెనక సీటులో ఇరుక్కుని కూర్చున్నాం. పాట ఎంత గట్టిగా మోగుతోందంటే నా పళ్ళు కదులుతున్నాయి.

"అంకుల్, నిజం చెప్పండి. ఈ పనికి ముందు ముందు రోజులున్నాయా?" అంది జెనెల్ నా చెవి దగ్గర అరుస్తూ.

ఏమని చెప్పను? సముద్రం అడుగున చమురు దొరికిందన్న రోజు నుంచి ఈ ఊళ్ళో ఫోను ఉన్న ప్రతివాడూ ఏజెంటే. జుట్టు కత్తిరించే ఆవిడ, రిటైరైన పోలీసు, ఆదివారం ప్రార్థన చేయించే పాస్టరు, అందరి జేబుల్లోనూ కార్డులున్నాయి. నిరుడు ఒక పెద్ద హోటల్లో కొత్త ఏజెంట్లకి సభ పెడితే నేనూ వెళ్ళాను. పదమూడో ఏట బడి మానేసి మార్కెట్లో మూటలు మోసినవాణ్ణి కదా, ఇప్పుడైనా ఏదన్నా నేర్పుతారేమోనని వెనక వరసలో కూర్చున్నాను. సూటు వేసుకున్నాయన ఏడాదిలో కారు కొంటారన్నాడు. రెండు అనాస కజ్జికాయలు తిని వచ్చేశాను. ఆ రోజు ఆ గదిలో ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ఈ వానాకాలానికి ఇంకా ఇళ్ళు చూపిస్తున్నది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకతి నా పక్కన కూర్చుని ఒళ్ళో టేపు, ప్లాను కాగితం పెట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

"దిగేచోటు వచ్చింది" అన్నాను.

ఇల్లు ఆకుపచ్చ రంగుది, నాలుగడుగుల దిమ్మెల మీద నిలబడింది. సముద్రానికి కట్టిన సీవాల్ గోడ మీదినుంచి గాలి సూటిగా తగులుతోంది. ఓరిన్, షాండెల్ అప్పటికే వచ్చారు. ఓరిన్ చమురు ఓడలకి సామాను ఎక్కించే రేవులో వెల్డరు. ఆరేళ్ళుగా ఇద్దరు పిల్లలతో సోఫియా పేటలో ఒక్క గదిలో ఉంటున్నారు. షాండెల్ లోపలికీ బయటికీ తిరుగుతూ పొయ్యి ఎక్కడ పెట్టాలో, కుట్టుమిషను ఏ కిటికీ దగ్గర వెయ్యాలో తనలో తనే మాట్లాడుకుంటోంది. అప్పుడే ఆ ఇల్లు ఆమెదైపోయింది.

అమ్మేవాళ్ళ తరఫున వచ్చినవాడు కెస్టర్. గోల్డెన్ టైడ్ అనే పెద్ద ఏజెన్సీలో సీనియరు. ఆ ఎండలో నల్ల కోటు వేసుకుని, చేతిలో పలక లాంటి పెద్ద ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూడగానే నవ్వాడు.

"అరె, మూన్‌సామీ అంకుల్! మీరింకా రిటైర్ కాలేదా? ఈ ఇంటిని మా యాప్‌లో నాలుగు వేల మంది చూశారు తెలుసా? మీరెంతమందికి చూపించారు?"

"ఇద్దరికి" అన్నాను. "నీ నాలుగు వేల మందిలో ఒక్కడూ పెన్ను పట్టుకు రాలేదు. నా ఇద్దరూ వచ్చారు."

ఓరిన్ పకపకా నవ్వాడు. కెస్టర్ కూడా నవ్వాడుగానీ కోటు కాలరు ఒకసారి సర్దుకున్నాడు.

పెరట్లో రేకుల నీడన బల్ల వేసి ఉంది, దాని మీద ఒప్పందం కాగితాలు, గాలికి ఎగరకుండా ఒక సీసా మావ్బీ బెరడు షర్బత్తు. సంతకాలు పెట్టగానే ఓరిన్ బయానా కట్టాలి. ఆరేళ్ళ ఓవర్‌టైమంతా అందులో ఉంది. మిగతాది బ్యాంకు ఇస్తుంది. ఆ తరవాత అమ్మకం సంగతి గెజిట్‌లో వేస్తారు. రెండు వారాల్లో ఎవరూ అడ్డుచెప్పకపోతే ఇల్లు చేతికొస్తుంది. ఎవడైనా అడ్డుచెబితే కోర్టు. అక్కడ చిక్కుకున్న బయానా మళ్ళీ చేతికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఈ ఊళ్ళో ఎవడూ చెప్పలేడు.

జెనెల్ బల్ల దగ్గరికి రాలేదు. ఇంటి ముందు నిలబడి ఏదో చూస్తోంది.

"కెస్టర్ గారూ, ఈ మెట్లేంటి?" అంది.

వీధి వైపు గోడకి ఆనుకుని అయిదు కాంక్రీటు మెట్లున్నాయి. వాటి మీద వరసగా పూలకుండీలు. మెట్లెక్కితే ఎదురయ్యేది తలుపు కాదు, ఉత్త చెక్కగోడ. అసలు తలుపు అదే గోడకి పడమటగా కొంచెం దూరంలో ఉంది, దానికి వేరే కొయ్య మెట్లున్నాయి.

"అది గార్డెన్ డెకరేషన్. వీడియోలో దాన్ని చూసి అందరూ మెచ్చుకున్నారు" అన్నాడు కెస్టర్.

జెనెల్ కుండీలు పక్కకి జరిపి అయిదు మెట్లూ ఎక్కింది. ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా నిలబడి రెండుసార్లు తట్టింది.

"ఎవరూ తీయట్లేదు" అంది.

షాండెల్ నవ్వింది. "అమ్మాయ్, రా, పెన్ను ఎండిపోతోంది" అని పిలిచింది.

ఇక్కడ ఒక మాట మీకు చెప్పెయ్యాలి. ఆ మెట్ల సంగతి నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో కొయ్య ఇంటిని ఉన్నపళంగా జాకీలతో ఎత్తి, కింద దుంగలు వేసి, పాతికమంది తాళ్ళు పట్టి లాగి ఇంకోచోట పెట్టేవారు. ఈ ఇంటి యజమాని తూర్పున కొట్టు కట్టుకోవాలనుకుని ఇంటిని పడమటికి తొమ్మిది అడుగులు లాగించాడు. కాంక్రీటు మెట్లు లాగితే రావు కాబట్టి ఉన్నచోటే ఉండిపోయాయి. కొట్టు కట్టనే లేదు, లాగిన ఇల్లు మాత్రం పక్క ఖాళీ స్థలం మీదికి ఎక్కి కూర్చుంది. అది కూడా అతనిదే. తరవాత ఆ ఖాళీ స్థలాన్ని ఒక నర్సుకి అమ్మాడు. అమ్మేముందు సర్వే రాయి తొమ్మిది అడుగులు జరిగింది. ఆ అమ్మకం కుదిర్చిన కొత్త ఏజెంట్లు ఇద్దరు, అందులో ఒకణ్ణి నేను.

ఇదంతా తెలిసి ఆ ఉదయం నోరెందుకు మూసుకున్నాను? ఆ పిల్ల వెళ్ళిపోతుందని. ఇంతకంటే మంచి కారణం ఉంటే చెప్పేవాణ్ణి.

జెనెల్ మెట్లు దిగింది. టేపు తీసి మెట్ల మధ్య నుంచి అసలు తలుపు మధ్యకి కొలిచింది. ఇంటికి తూర్పున గడ్డిలోకి వెళ్ళి కాలితో తడిమింది. గడ్డి కింద వరసగా నాలుగు పాత దిమ్మెల మొదళ్ళు బయటపడ్డాయి. అక్కడా కొలిచింది. తరవాత ప్లాను విప్పి చాలాసేపు చూసింది.

"స్థలం వెడల్పు ప్లానులో నలభై అడుగులుంది. మీ కంచె ఎంత?" అంది.

"నలభై తొమ్మిది!" అన్నాడు కెస్టర్ ఛాతీ విరుచుకుని. "డ్రోనుతో కొలిపించాం. రాసినదానికంటే ఎక్కువే వస్తోంది సార్, మీ అదృష్టం" అని ఓరిన్ భుజం తట్టాడు.

ఓరిన్ మొహం వెలిగిపోయింది. షాండెల్ పెన్ను మూత తీసింది.

జెనెల్ నా వైపు చూసింది. నేనేదైనా అంటానని ఎదురుచూసింది. నేను పక్క పెరట్లో కొబ్బరిచెట్టుకి ఎన్ని కాయలున్నాయో చూస్తున్నాను. రేపటి మధ్యాహ్నం, హోటల్ కౌంటరు, ఏడు నెలలుగా అరిగిన చెప్పులు, అవన్నీ ఆ పిల్ల మొహంలో ఒకదాని వెనక ఒకటి కనబడ్డాయి. నోరు మూసుకుంటే చాలు. నేనూ అదే వయసులో, అలాంటి ఎండలోనే, నోరు మూసుకుని మొదటి కమీషన్ తీసుకున్నాను.

"షాండెల్ అక్కా, పెన్ను కింద పెట్టు" అంది జెనెల్.

"ఏమైంది?"

"ఈ ఇల్లు ఇక్కడ కట్టింది కాదు. తొమ్మిది అడుగులు జరిపారు. మెట్ల నుంచి తలుపుకి తొమ్మిది, దిమ్మె నుంచి దిమ్మెకి తొమ్మిది, కంచెలో ఎక్కువొచ్చిందీ తొమ్మిదే. స్థలం దానంతటదే పెరగదు కదా. ఆ తొమ్మిది అడుగులూ పక్కవాళ్ళవి. మీ పడకగది పక్కవాళ్ళ స్థలంలో ఉంది."

మావ్బీ సీసా కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి.

ముందు తేరుకున్నవాడు ఓరిన్. "ఏయ్, నువ్వు మా ఏజెంటువా వాళ్ళ ఏజెంటువా? ఆర్నెల్లు తిప్పి తిప్పి, ఒక్క ఇల్లు కుదిరితే ఇప్పుడా చెప్పేది?"

"మీ ఏజెంటునే అన్నా. అందుకే ఇప్పుడు చెబుతున్నా. సంతకమయ్యాక చెబితే నన్ను కొట్టాలి."

"నీకు మతి పోయిందా?" అన్నాడు కెస్టర్. గొంతు తగ్గించాననుకున్నాడు కానీ అందరికీ వినబడింది. "ఈ కమీషన్లో సగం నీదే. ఏడు నెలల్నుంచి ఒక్కటీ లేదని ఊరంతా తెలుసు. ఇన్నేళ్ళుగా ఎవడూ అడగలేదు, నీకెందుకు? ఇట్లా అయితే ఈ ఫీల్డులో నువ్వు బతకవు."

"బతకనేమో" అంది జెనెల్. "రేపు హోటల్లో నిలబడతానేమో. ఓరిన్ అన్న మాత్రం కోర్టు మెట్ల మీద నిలబడడు."

ఏ సభలో ఏ సూటాయనా ఈ మాట చెప్పలేదు. నేనూ నేర్పలేదు. నేను నేర్పింది తాళం ఎట్లా తిప్పాలో, వానలో ఇల్లు ఎందుకు చూడాలో, మురుగుకాలవ ఎటు పారుతుందో. ఈ మాట ఆ పిల్ల సొంతం. నా గుండె ఎంత పొంగిందంటే నిలబడినచోట నిలబడలేకపోయాను. నా మనిషి అని అరిచి చెప్పాలనిపించింది. ఆ వెంటనే, నా మనిషి అనే హక్కు నాకెక్కడిదనీ అనిపించింది.

షాండెల్ అప్పటికే పెన్ను మూత పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని భర్తతో, "కోపం ఆ పిల్ల మీద కాదు ఓరిన్. మనల్ని కాపాడింది, ఊరుకో" అంది.

"కాపాడింది. బాగా చెప్పావు" అంది ఇంకో గొంతు.

కంచె అవతల మిస్ ఐనెజ్ వీరసామి. ముప్పై ఏళ్ళ కింద ఆ ఖాళీ స్థలం కొన్న నర్సు ఈవిడే. డెబ్బై అయిదు దాటినా నిటారుగా ఉంటుంది. నోట్లో బట్టల క్లిప్పు, భుజాన తడి దుప్పటి. ఎంతసేపటినుంచి వింటోందో తెలీదు.

"కంచె పాతినప్పుడే తేడాగా ఉందనుకున్నా. నైట్ డ్యూటీలు, పిల్లలు, ఎవరితో కొట్లాడతాను? రిటైరయ్యాక కొలిపించా. నలభైకి డబ్బు కడితే ముప్పై ఒకటి ఉంది" అంది క్లిప్పు తీసి. "సరే, అమ్మకానికి పెట్టే రోజు రాకపోదని కాచుకు కూర్చున్నా. గెజిట్‌లో పడిన మర్నాడే లాయరు దగ్గరికి పోయేదాన్ని. నువ్వు సంతకం చేసుంటే బాబూ, నీ బయానా నాతో పాటే ముసలిదయ్యేది."

ఓరిన్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఆంటీ, రాయి ఎవరు జరిపారో మీకు తెలుసా?" అంది జెనెల్.

మిస్ ఐనెజ్ నన్ను చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా నేను అవతలి పక్కన నడిచింది ఆ చూపు తప్పించుకోవడానికే.

"రాత్రికి రాత్రి జరిగిందాన్ని నేను చూళ్ళేదు. చూసినవాడు మీతోనే వచ్చాడుగా. మీ అంకుల్‌ని అడుగు."

జెనెల్ నెమ్మదిగా తిరిగింది.

"అంకుల్, మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"జరిపిన రోజు నుంచి."

"ఇవాళ పొద్దున బస్సులో కూడా తెలుసు."

"తెలుసు. ఇవాళ సంతకం పడకపోతే నువ్వు వెళ్ళిపోతావని..."

"నేనుండాలని నాచేత వీళ్ళకి దొంగ స్థలం అమ్మిస్తారా?"

అరిచినా బాగుండేది. అరవలేదు. ప్లాను మడిచింది, టేపు చుట్టింది, మిస్ ఐనెజ్ వైపు తిరిగి, "ఆంటీ, గేటు తీస్తారా? మనిద్దరం మాట్లాడుకుందాం" అంది. వెళుతూ నా పక్కన ఒక్క క్షణం ఆగింది. "మీరిక్కడే ఉండండి" అని వెళ్ళిపోయింది.

గేటు మూసుకుంది. రెండిళ్ళ ముందూ పారే కాలవ మీద చిన్న కొయ్య వంతెన దగ్గర నేనొక్కణ్ణే నిలబడ్డాను. పాతికేళ్ళ పిల్ల నన్ను వాకిట్లో నిలబెట్టి బేరానికి లోపలికి వెళ్ళింది. సిగ్గుతో చెవులు మండుతున్నాయి. అయినా ఉన్నమాట చెబుతున్నా, ఆ సిగ్గులోనూ గర్వమే ఎక్కువ ఉంది. ఆ పిల్ల భుజాలు వెనక్కి పెట్టి నడిచిన తీరు చూశాను. అది కౌంటరు వెనక నిలబడే నడక కాదు.

పావుగంటకి ఇద్దరూ కంచె దగ్గరికి వచ్చారు. జెనెల్ ముందు ఓరిన్, షాండెల్‌తో మాట్లాడింది.

"ఆంటీకి ఇల్లు పగలగొట్టించాలని లేదు. ఆ తొమ్మిది అడుగులూ అమ్ముతారు. ఆ డబ్బు ఇంటి ధరలోంచి అమ్మేవాళ్ళే కట్టాలి, మీరు కాదు. సర్వే మళ్ళీ చేయించి, రెండు పత్రాలూ సరిచేశాకే మీరు బయానా కడతారు. రెండు నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా సోఫియాలో ఓర్చుకోగలరా?"

"ఆరేళ్ళు ఓర్చుకున్నాం, రెండు నెలలు ఓర్చుకోలేమా" అంది షాండెల్.

"మా వాళ్ళెందుకు కడతారు?" అన్నాడు కెస్టర్. "రాయి జరిగిందనడానికి సాక్ష్యమేది? మెట్లూ పూలకుండీలూ జడ్జి ఒప్పుకుంటాడా?"

"ఆంటీ షరతు కూడా ఆ సాక్ష్యమే" అంది జెనెల్. ఇప్పుడు నావైపు చూసింది. "మూన్‌సామీ గారూ, ఆ రోజు ఏం జరిగిందో అందరి ముందూ చెప్పాలి. పేర్లతో సహా."

ఏడు నెలల్లో ఆ పిల్ల నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

"పార పట్టి తవ్వింది నేను. రాయి ఎత్తి తొమ్మిది అడుగుల అవతల పాతింది లెనాక్స్ డి అబ్రూ. కమీషన్ చెరిసగం తీసుకున్నాం."

కెస్టర్ చేతిలోని ఫోను కిందికి జారబోయి ఆగింది. గోల్డెన్ టైడ్ ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. బస్టాండు ఎదుట నాలుగంతస్తుల ఎత్తున్న బోర్డు మీద నవ్వుతూ కనబడే మొహం లెనాక్స్‌దే. ఆ రోజు తన సగంతో వాడు ఆఫీసు తెరిచాడు. నా సగం నేను రమ్ముషాపులో పోశాను. ఇన్నేళ్ళూ ఆ బోర్డు చూసి పళ్ళు కొరుక్కున్నానే తప్ప ఆ పేరు నోటితో చెప్పలేదు. చెబితే నా పేరూ బయటికొస్తుందని.

"ఇది రాసి సంతకం పెడతారా?" అంది జెనెల్.

"నా రాత బాగోదు."

"చదవడానికి వస్తే చాలు."

షాండెల్ తన పెన్ను నా చేతిలో పెట్టింది. పెరట్లో ఆ బల్ల దగ్గరికే వెళ్ళి కూర్చుని ఎనిమిది వరసలు రాశాను. ఒక్క అక్షరం చెరపలేదు. జెనెల్ ఇవతలికి వచ్చి కాగితం తీసుకుని ఒకసారి చదివి, ఓరిన్ చేతా షాండెల్ చేతా సాక్షి సంతకాలు పెట్టించి, ప్లానులో మడిచి సంచీలో పెట్టుకుంది.

కెస్టర్ వంతెన అవతలికి పోయి ఫోను చేశాడు. కంగారులో స్పీకరు నొక్కేశాడు కాబోలు, ముప్పై ఏళ్ళ తరవాత లెనాక్స్ గొంతు అంత దగ్గరగా విన్నాను. వయసు తప్ప ఏమీ మారలేదు.

"మూన్‌సామీ రాసిచ్చాడా? వాడికి రాయడం ఎప్పుడొచ్చింది?" అని నవ్వింది గొంతు. ఆ తరవాత నవ్వు ఆగిపోయింది. "కాగితం ఎవరి దగ్గరుంది?"

"ఆ అమ్మాయి దగ్గర సార్."

"ఏ అమ్మాయి?"

కెస్టర్ నోరు తెరిచేలోపే జెనెల్ వంతెన దాటి వచ్చి అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

"నా పేరు జెనెల్ అడోనిస్. ఈ ఇల్లు కొనేవాళ్ళ ఏజెంటుని" అంది. "చెప్పండి, వింటున్నా."